మూత తీయని డబ్బాలు

“కంచం తిప్పావా లేదా? అది చెప్పు ముందు.”

పొయ్యి మీద గంజి పొంగి నిప్పులో పడుతోంది. దాన్ని దించాలన్న ధ్యాస కూడా లుడివినాకు లేదు.

“నిన్నే అడుగుతున్నా. గురువారం తెల్లారగట్ల వాడు సగం అన్నంలో లేచి వెళ్ళాడు. మనమింకా తింటూనే ఉన్నాం. నా కంచం నేను తిప్పుకున్నాను. పసిదాని కంచం కూడా నేనే తిప్పాను. నీ కంచం సంగతేంటి?”

“గుర్తు లేదు అత్తమ్మా.”

“గుర్తు లేదా! మొగుడు సముద్రం మీదికి పోతుంటే పెళ్ళానికి గుర్తు లేదంట. వినండర్రా!”

ఇస్కా గొంతు వీధి చివరి ఇంటికి కూడా వినబడుతుంది. తింటుండగా ఒకరు ప్రయాణమైతే మిగిలినవాళ్ళు కంచం ఒక చుట్టు తిప్పి తినడం మా తీరంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. పోయినవాడు క్షేమంగా తిరిగొస్తాడని నమ్మకం. కంచాలన్నీ తిప్పిన ఇళ్ళలో కూడా మగవాళ్ళు తిరిగి రాకపోవడం నేను ఎరుగుదును. నలభై ఏళ్ళుగా ఇస్కాకు పక్కింటిదాన్నైనా, ఆ మాట ఆ పూట ఆమె ముందు అనే గుండె నాకు లేదు.

ఇస్కా కొడుకు డెల్ఫిన్ శుక్రవారం పొద్దునకల్లా రావాలి. ఇవాళ శనివారం. పదకొండున్నర దాటింది. వాడి పడవకు రెండు పక్కలా కట్టిన నీలంరంగు వెదురు రెక్కలు ఎవరికీ కనబడలేదు. వాడి ఫోను గురువారం మధ్యాహ్నం నుంచీ మూగపోయింది.

లుడివినా గంజి దించి గిన్నెలో పోసి చాపమీద కూతురి ముందు పెట్టింది. లెంగ్‌లెంగ్‌కి ఐదేళ్ళు. మంగళవారం ఉబ్బసంతో ఊపిరాడక పెదాలు నల్లబడిన పిల్ల ఇప్పుడు చెంచాతో గంజిలో గీతలు గీస్తోంది.

“నాన్న వచ్చాక తింటా,” అంది.

ఇస్కా తలమీది తెల్లముసుగు సవరించుకుంది. బుధవారం మాత విగ్రహాన్ని పడవలో ఊరేగించిననాడు వేసుకున్న ముసుగు అది. మొక్కు మొక్కినవాళ్ళు తొమ్మిది రోజులు దాన్ని తీయకూడదు. చెమటకు తడిసి నుదుటికి అంటుకుపోయినా ఆమె దాన్ని తీయలేదు.

అప్పుడు ఇసుకలో చెప్పులు ఈడ్చుకుంటూ అందోయ్ వచ్చాడు. ఇస్కా పోయిన భర్తకు అన్న. డెబ్బై దాటినా చుక్కాని పడితే ఇప్పటికీ పాతికేళ్ళవాడే. వెనకే ఊరి కపితాన్ ఎలీసియో. ఊరిపెద్ద పదవి వచ్చినప్పట్నుంచీ ఇస్త్రీ చొక్కా లేకుండా బయటికి రాని మనిషి.

“పెట్రోలు పోగైంది,” అన్నాడు అందోయ్ గుమ్మంలోనే నిలబడి. “ఇంటికో సీసా. కొందరు సగం సీసా. పాస్టరు భార్య దాచుకున్న రెండు సీసాలూ ఇచ్చేసింది. ఇరవై తొమ్మిది లీటర్లు.”

కోలా సీసాల్లో పెట్రోలు కొనుక్కునే ఊరు మాది. ప్రతి మంగళవారం ధర ఎక్కుతుంది. సోమవారం సాయంత్రం బంకు దగ్గర జనం డబ్బాలు పట్టుకుని వరస కడతారు. ఈ రెండు నెలల్లో సగం పడవలు ఒడ్డెక్కి బోర్లా పడుకున్నాయి. వాటి మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అలాంటప్పుడు ఇంటికో సీసా పెట్రోలు ఇవ్వడమంటే రక్తం ఇచ్చినట్టే.

“మరి ఎప్పుడు బయల్దేరతారు పెదమావయ్యా?” అంది లుడివినా.

“ఇప్పుడే. అయితే ఇరవై తొమ్మిదితో ఒక్క చోటికే పోగలను. అటు వెతికి, ఇటు వెతికి, మళ్ళీ ఇంకోచోట వెతకడానికి ఉండదు. అందుకే అడగడానికి వచ్చా. వాడు ఎంత పట్టుకెళ్ళాడు?”

“మూడు డబ్బాలు. ముప్ఫై లీటర్లు,” అంది ఇస్కా తడుముకోకుండా. “సోమవారం నేనూ వాడూ కలిసే నింపించాం.”

అందోయ్ వేళ్ళు మడుచుకుంటూ లెక్కవేశాడు. చేపలు గుమిగూడేలా కట్టిన వెదురు తెప్ప పడమర నడిసముద్రంలో ఉంది, డెల్ఫిన్ పోయింది అక్కడికే. నేరుగా పోతే తొమ్మిది లీటర్ల దారి. సోమవారం నుంచి నేరు దారి లేదు. అమెరికా నౌకలూ మా దేశపు నౌకలూ కలిసి యుద్ధం ఆట ఆడుతున్నాయి. మధ్యలో గీత గీసి చేపలపడవ రాకూడదన్నారు. దక్షిణపు కొండకొమ్ము చుట్టి పోతే పద్నాలుగు లీటర్లు. రావడానికి పద్నాలుగు.

“పోనూ రానూ ఇరవై ఎనిమిది. తెప్ప చుట్టూ తిరగడానికి రెండు. ముప్ఫై. సరిగ్గా కొలిచి పట్టుకెళ్ళాడు, తెలివైనవాడు,” అన్నాడు అందోయ్. “అంటే పెట్రోలు అయిపోయి ఆగలేదు. ఇంజనే చచ్చిందన్నమాట. తెప్పకు తాడు కట్టుకుని కూచుని ఉంటాడు. చుట్టు తిరిగి తెప్ప దగ్గరికే పోతాను.”

“నువ్వు తిరిగి రావడానికి చాలదు కదా?” అన్నాడు కపితాన్.

“ఒక లీటరు తక్కువ. చివర తెడ్డేస్తా. నాకేం కొత్తా?” అందోయ్ పడమర వైపు చెయ్యి విసిరాడు. “అదిగో, ఆ బూడిదరంగు ఓడ కనబడుతోందా? అందులోవాడు పొద్దున కాఫీ తాగేలోపు తగలేసే నూనె మన ఊరంతటికీ ఏడాది సరిపోతుంది. మనం సీసాలు అడుక్కుంటున్నాం.”

“మళ్ళీ మొదలెట్టకు మావా,” అన్నాడు కపితాన్.

“ఎందుకు మొదలెట్టకూడదు? గల్ఫులో బాంబులేసి నూనె ధర ఆకాశానికెత్తినవాడు వాడే. ఇక్కడికొచ్చి నా సముద్రంలో గీత గీసి తొమ్మిది లీటర్ల దారిని పద్నాలుగు చేసినవాడూ వాడే. దూరం వాడే పెంచె, ధరా వాడే పెంచె. ఇంక మన డబ్బాలో ఏం మిగులుద్ది?”

“మరి చైనా ఓడలు మనవాళ్ళ పడవల మీద నీళ్ళగొట్టాలు పెట్టి కొట్టినప్పుడో? అప్పుడు ఎవరున్నారు మనకి? రక్షణ అక్కర్లేదా?”

“ఒకడు నీళ్ళతో కొట్టాడు, ఒకడు గీతతో కొట్టాడు. వీపు మాత్రం మనదే కపితానూ. నా కుర్రతనంలో పదకొండేళ్ళు వాళ్ళ స్థావరంలో గిన్నెలు తోమాను. వాళ్ళు మనల్ని కాపాడ్డం నేను చూళ్ళేదు. వాళ్ళ ఓడల్ని మనం కాపాడ్డమే చూశాను. నీకు బడి పైకప్పుకి రేకులిచ్చారని నువ్వు జెండా ఊపుతున్నావ్. ఊపు. రేకుల కింద కూచోడానికి పిల్లలకి తండ్రులుండాలి కదా?”

కపితాన్ ముఖం ఎర్రబడింది. చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. “నేనేం ఊరికే కూచోలేదు. పట్నంలో తీరం కాపలా ఆఫీసుకి పొద్దుట్నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశా. రాసుకున్నామన్నారు. గీత లోపలికి ఎవర్నీ పంపలేమన్నారు. ఇవాళ ఒంటిగంట నుంచి నిజమైన ఫిరంగి గుళ్ళతో కాలుస్తారంట. పాత ఓడని మధ్యలో నిలబెట్టి దాని మీద. గీత దాటిన పడవకి బాధ్యత లేదని మరీ మరీ చెప్పారు.”

“మా వాడు గీత లోపల లేడులే,” అంది ఇస్కా. “ముప్ఫై లీటర్లున్నవాడు చుట్టు దారిలోనే వస్తాడు. వాడికి బుద్ధుంది. ఇంట్లో ఉన్నవాళ్ళకే లేదు.”

ఆ చివరి మాట ఎవరిమీదికో ఎవరూ అడగలేదు.

లుడివినా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అందోయ్ వెళ్ళిపోవడానికి తిరిగాడు. ఒక్క అడుగు వేశాడు. రెండో అడుగు కూడా వేశాడు.

“ముప్ఫై కాదు,” అంది లుడివినా.

అందోయ్ ఆగాడు.

“ముప్ఫై కాదు పెదమావయ్యా. ఇరవై ఏడు. మూడు లీటర్లు నేను తీశాను.”

ఇస్కా కోడలి వైపు మెల్లగా తిరిగింది.

“మంగళవారం పిల్లకి ఊపిరాడలేదు. ఆయన వల బాగు చేయించడానికి పక్కూరు వెళ్ళారు. మీరు చర్చిలో ఉన్నారు. మా అన్న రోమీ మూడుచక్రాల బండి తీసుకొచ్చాడు గానీ టాంకు ఎండిపోయి ఉంది. ‘నీ డబ్బులు నాకొద్దు చెల్లీ, ఎక్కడైనా పెట్రోలు దొరుకుద్దా చెప్పు’ అన్నాడు. నేను మూడో డబ్బా మూత తీసి పోశాను. పట్నం ఆస్పత్రికి పోవడానికి, రావడానికి. రెండు రోజుల్లో ఎలాగోలా తెచ్చి పోసేద్దామనుకున్నాను. బుధవారం బంకు మూసేశారు, సరుకు రాలేదని. గురువారం చెబుదామనుకున్నా. ఆయన నవ్వుతూ తింటున్నారు. చెప్తే ప్రయాణం మానేస్తారు, వారమంతా పొయ్యి వెలగదు. మూడు లీటర్లే కదా, ఆయనెప్పుడూ కొంచెం మిగుల్చుకునే వస్తారు కదా అనుకున్నాను.”

“కంచం తిప్పలేదంటే అనుకున్నా!” ఇస్కా ఒక్క అంగలో వచ్చి కోడలి భుజం పట్టి కుదిపేసింది. “దొంగముండా! నా కొడుకు ప్రాణంలోంచి మూడు లీటర్లు తోడి మీ అన్న బండిలో పోస్తావా?”

“మా అన్న బండిలో కాదు, మీ మనవరాలి కోసం!”

“వాడితో చెప్పొద్దా? నాతో చెప్పొద్దా?”

“చెప్తే ఏం చేసేవారు? ఇప్పుడు చేసిందే చేసేవారు!”

లెంగ్‌లెంగ్ చెంచా వదిలేసి ఏడుపు మొదలుపెట్టింది. దాని వంతు తప్పు ఏదో ఉందని దానికి అర్థమైనట్టుంది. కపితాన్ వంగి పిల్లని ఎత్తుకున్నాడు.

మా ఊళ్ళో ఇంకో పట్టింపు ఉంది. డబ్బాలను ఆడవాళ్ళే మోస్తారు. మెడలోతు నీళ్ళదాకా తేల్చుకుంటూ తీసుకుపోయి పడవలోకి అందిస్తారు. పడవ ఎక్కరు, ఎక్కకూడదు. నడిసముద్రం చేరేదాకా మగవాడు డబ్బా మూత తీసి చూడడు. తీస్తే చేప పారిపోతుందంటారు, ఇంటివాళ్ళని అనుమానించినట్టు అంటారు. డెల్ఫిన్ కూడా చూడలేదు. గురువారం ఆ మూడు డబ్బాల్నీ అందించినవాళ్ళు ఈ ఇద్దరాడవాళ్ళే.

“అరవకు ఇస్కా,” అన్నాడు అందోయ్. అతను మళ్ళీ వేళ్ళు మడుస్తున్నాడు. ముఖంలో ఏదో వెలుగు వచ్చింది. “అరవకు. ఈ పిల్ల నోరు విప్పింది కాబట్టి మన పని తేలికైంది. ఇరవై ఏడైతే... పోవడానికి పద్నాలుగు, తిరగడానికి రెండు. మిగిలింది పదకొండు. మూడే తక్కువ, చివర తెడ్డేద్దామని గీత దాటకుండా చుట్టు దారే పడతాడు. చుట్టు దారిలో పదకొండంటే కొండకొమ్ము ఇంకా దాటకుండా ఆగుతాడు. తెప్ప దగ్గర లేడు వాడు! కొమ్ము దగ్గరే ఎక్కడో కొట్టుకుంటున్నాడు. గీతకి బయటే. రెండు గంటల్లో పోతాను.”

లుడివినా నేలమీద కూలబడి ఏడ్చేసింది. నాలుగు రోజులుగా కడుపులో పెట్టుకున్న రాయి దిగినట్టు ఏడ్చింది.

ఇస్కా ఏడవలేదు. ఆమె చెయ్యి కోడలి భుజం మీంచి జారిపోయింది. “కొమ్ము దగ్గరా?” అంది.

“ఆఁ. దేవుడు చల్లగా చూస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.”

ఇస్కా నోరు మూసిన తీరు నాకప్పుడు వింతగా అనిపించింది. తిట్టడానికి అంత మంచి అవకాశం వచ్చినప్పుడు ఇస్కా వదులుకోవడం నలభై ఏళ్ళలో నేను చూడలేదు.

ఒడ్డున జనం ఉన్నారు. మగవాళ్ళు పదిమంది అందోయ్ పడవ రెక్కలు పట్టి నీళ్ళలోకి తోశారు. సీసాలన్నీ మూడు డబ్బాల్లోకి వంచారు. చుక్క నేలపడితే తిట్లు తిట్టారు. లుడివినా ఒక డబ్బా, పాస్టరు భార్య ఒక డబ్బా, నేను ఒకటి తేల్చుకుంటూ అందించాం. అందోయ్ ఈసారి పట్టింపులేవీ చూడలేదు. ఒడ్డు పక్కనే మూడు డబ్బాల మూతలూ తీసి వేలు ముంచి చూసుకున్నాడు.

ఇంజను తాడు చేతికి చుట్టుకున్నాడు.

“ఆగు బావా.”

ఇస్కా నీళ్ళలోకి దిగి వస్తోంది. నడుం లోతు వచ్చింది. పడవ రెక్క వెదురును రెండు చేతులతో పట్టుకుంది.

“ఏంటి ఇస్కా, ఆలస్యమవుద్ది.”

“వాడు అక్కడ ఉండడు.”

“ఎక్కడ?”

“కొమ్ము దగ్గర.” ఆమె గొంతు ఒడ్డున ఉన్నవాళ్ళకు వినబడలేదు. పక్కనే ఉన్న లుడివినాకు వినబడింది, నాకు వినబడింది. “ఇరవై ఏడు కూడా కాదు. బుధవారం ఊరేగింపుకి మాత పడవలో పోయడానికి పెట్రోలు లేదన్నారు. మాతని తెడ్డేసుకుని తిప్పుతామన్నారు. ఎలా ఊరుకోను? ఒక గాలన్ మొక్కుకున్నాను. వాడు క్షేమంగా తిరిగి రావాలని. ఇంట్లో ఇంకెక్కడుంది? వాడి డబ్బాలోంచే తీశాను. రెండో డబ్బాలోంచి. నాలుగు లీటర్లు.”

అందోయ్ చేతికున్న తాడు వదులైంది.

“వాడి కోసమే కదా,” అంది ఇస్కా. “వాడి కోసమే కదా బావా! మాత చూసుకుంటుందనుకున్నాను. ఇంట్లో ఇంకో చెయ్యి కూడా పడిందని నాకేం తెలుసు?”

లుడివినా అత్తవైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని నేను భయపడ్డాను. కోపం లేదు. దానికి కూడా ఓపిక లేదు. ఆమె పెదాలు లెక్కవేస్తున్నాయి.

“ఏడు,” అంది చివరికి.

“ఇరవై మూడు,” అన్నాడు అందోయ్. పడవ అంచు మీద కూచుండిపోయాడు. “తెప్ప దగ్గర మూడో డబ్బా తీసి చూసుకునేసరికి వాడికి మిగిలింది ఏడు. చుట్టు దారికి పద్నాలుగు కావాలి. కుదరదు. నేరుగా అయితే తొమ్మిది. ఏడుతో చాలా దూరం వస్తాడు. మిగతాది తెడ్డేద్దాం అనుకుంటాడు. నేనైనా అలాగే అనుకుంటాను.”

“అంటే?” అంది లుడివినా.

అందోయ్ పడమర వైపు చూశాడు. గీతంటే నీళ్ళమీద కనబడేదేం కాదు. ఎండలో సముద్రం ఎప్పట్లాగే మెరుస్తోంది. బూడిదరంగు ఓడలు మూడు మెల్లగా వరస మారుతున్నాయి.

“ఒంటిగంటకి కాలుస్తారన్నాడు కపితాన్,” అంది లుడివినా. “ఇప్పుడెంతైంది?”

“పన్నెండున్నర,” ఒడ్డునుంచి కపితాన్ అరిచాడు. విషయం ఇంకా అతనికి తెలియదు. “ఏమైంది? ఎందుకాగారు?”

ఎవరూ చెప్పకపోయేసరికి పిల్లని చంకనేసుకుని ఇస్త్రీ చొక్కాతోనే నీళ్ళలోకి దిగి వచ్చాడు. అందోయ్ నాలుగు మాటల్లో చెప్పాడు. కపితాన్ వెంటనే ఫోను చెవిన పెట్టుకున్నాడు. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తారు. “అయ్యా, గీత లోపల మా మనిషున్నాడు! ఒక్క గంట ఆపండయ్యా! ఒక్క గంట! ...లేదు, కనబడలేదు గానీ ఉన్నాడు... పెట్రోలు లెక్క ప్రకారం ఉన్నాడయ్యా... ఏంటి? కాయితం మీద రాసివ్వాలా? ఆఫీసు సోమవారం తీస్తారా?”

జెండా ఊపిన మనిషే. ఫోను నీళ్ళలోకి విసిరేస్తాడేమో అనిపించింది. విసరలేదు. మళ్ళీ అదే నంబరు నొక్కాడు.

“నేరుగా పోతాను,” అన్నాడు అందోయ్. “మీరంతా జరగండి.”

“నిన్ను కూడా కాలుస్తారు,” అంది ఇస్కా.

“ముసలాణ్ణి. కాల్చుకోనీ.”

ఇస్కా తలమీది తెల్లముసుగు లాగేసింది. తొమ్మిది రోజుల మొక్కు నాలుగో రోజునే తెగిపోయింది. జుట్టు మొత్తం నెరిసి ఉంది, అది నేనప్పుడే గమనించాను. ముసుగును అందోయ్ చేతికి ఇవ్వలేదు. రెక్క పట్టుకుని, మోకాలు అంచుకు ఆనించి, అరవై నాలుగేళ్ళ మనిషి పడవలోకి ఎక్కేసింది.

“ఇస్కా! ఆడది పడవెక్కితే...”

“ఎక్కితే ఏమవుద్ది? ఇంతకన్నా ఏమవుద్ది బావా?” ఆమె ముసుగును గడకర్ర కొసకు ముడివేస్తోంది. ముడి జారిపోతోంది. “వాళ్ళు దుర్బిణీలు పెట్టి చూస్తారంట కదా. పడవలో ఆడవాళ్ళు కనబడితే చేపల కోసం గీత దాటినవాళ్ళం కాదని తెలుస్తుంది. కాల్చరేమో. ముసలిదాన్ని, కనబడేలా నిలబడతాను.”

“ఒక్కరు నిలబడితే కనబడరు,” అంది లుడివినా.

కపితాన్ చంకలోంచి లెంగ్‌లెంగ్ తల్లివైపు చేతులు చాచింది. లుడివినా కూతురి రెండు చేతులూ కలిపి ముద్దుపెట్టుకుని కపితాన్ మెడచుట్టూ వేసింది. “ఏడిస్తే ఊపిరాడదు దానికి. ఏడవనివ్వకండి,” అంది. అతను తలూపాడు. ఇంకా ఫోను చెవి దగ్గరే ఉంది.

ఇస్కా కోడలికి చెయ్యి అందించింది. లుడివినా ఆ చెయ్యి పట్టుకోలేదు. రెక్క పట్టుకుని తనంతట తనే ఎక్కింది. ఎక్కి, అత్త చేతిలోని గడకర్ర లాక్కుని, జారిపోతున్న ముడిని పళ్ళతో బిగించింది.

ఇంజను మూడో లాగుకు అందుకుంది. అందోయ్ చుక్కాని దక్షిణానికి తిప్పలేదు. పడవ ముక్కు పడమరకు నిలిచింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరం మా తలగుడ్డలు తీసి ఊపుతున్నాం. ఎవరికి ఊపుతున్నామో మాకే తెలియదు, పడవకో, ఆ ఓడలకో.

ఆడమనుషులిద్దరూ నిలబడే ఉన్నారు. తెల్లగుడ్డ వాళ్ళ నడుమ ఎగురుతూ చిన్నదవుతోంది.

కపితాన్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటకు ఇంకా పదిహేను నిమిషాలుంది.

పడమట మొదటి ఫిరంగి అప్పుడే పేలింది.